మత్తడి మీద చెప్పులు

కొమురమ్మ చెరువు కట్ట మీద నడుస్తోంది, ఆమెకు పది అడుగుల ముందు మొగిలయ్య నడుస్తున్నాడు, ఆయన చచ్చిపోయి వచ్చే ఉగాదికి ఏడాది నిండుతుందన్న సంగతి ఆమెకు బాగానే గుర్తుంది, అయినా ఇప్పుడు ఆమెకు వింతగా తోస్తున్నది అది కాదు, చచ్చాక కూడా ఈ మనిషి కట్టుకున్న పెళ్లాన్ని వెనక వదిలేసి ఇంత వడిగా నడవడమే. ఒక వాన ఇప్పుడే వెలిసింది. మోదుగు పూలు రాలి బురదలో ఎర్రగా పడి ఉన్నాయి, గడ్డి మొదళ్లలో రాళ్లవాన రాళ్లు ఇంకా కరగకుండా మెరుస్తున్నాయి, తోపు వైపు నుంచి రాలిన మామిడి పిందెల పులుపు వాసన వస్తోంది, ఉత్తరాన మాత్రం ఇంకో మబ్బు నల్లగా లేస్తోంది. రెండు వానల మధ్య దొరికిన ఈ కాస్త ఎండలో చెరువు తోమి బోర్లించిన ఇత్తడి తాంబాళంలా ఉంది, చూడ్డానికి ఎంతో బాగుంది, అంత బాగుండటమే కొమురమ్మకు ఒళ్లు మండిస్తోంది.

"ఆగు," అంటుంది. "నిన్నే అనేది. చెవుల్ల ఏమన్న బెట్టుకున్నవా?"

"నడువే జర," అంటాడు మొగిలయ్య వెనక్కి తిరగకుండానే. "మబ్బు మళ్ల పట్టేటట్టున్నది."

"పడితే పడనియ్. తడిస్తే జలుబు జేస్తదా ఏంది, సచ్చినోనివి?"

"నాకు గాదే. కాయకు."

కాయ అంటే మిరపకాయ. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చిందో లేదో, కట్ట మీది మన్ను ఎర్రబడుతుంది, చూస్తుండగానే అది కట్ట కాకుండా పోయి వాళ్ల ఇంటి వెనక కల్లం అవుతుంది, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆరబోసిన మిరపకాయ, దాని మీద ఇద్దరూ నడుస్తున్నారు, కాళ్ల కింద కాయ చిటపటమంటోంది, ఘాటుకు ఆమె ముక్కు అదురుతోంది. అయినా పక్కన చెరువు చెరువుగానే ఉంది. ఇందాక ఎడమ చేతి వైపు ఉండేది, ఇప్పుడు కుడి చేతి వైపు ఉంది. అదెందుకు మారిందని ఆమె అడగదు, అడగవలసింది అంతకన్నా పెద్దది ఒకటి గొంతులో అడ్డం పడి ఉంది.

"మొన్నటి కాయ ఆరిందా?" అని అడుగుతాడు ఆయన.

మొన్నటి కాయట. ఏడాది అయింది. ఆ కాయ కోసమే కదా అంతా జరిగింది. కాముని పున్నం వెళ్లిన పదో రోజు, కల్లం నిండా కాయ ఎండుతుండగా, చెరువు అవతలి తండా నుంచి భీక్యా వచ్చి మబ్బులు తిరుగుతున్నాయి, మా కాయ మీద కప్పడానికి పరదా చాలడం లేదు, మీది ఒక్క రోజుకు ఇవ్వమన్నాడు. మొగిలయ్య ఇచ్చాడు. ఊరందరికీ ఊ కొట్టే మనిషి, ఊహూ అనడం పెళ్లాం దగ్గరే నేర్చుకున్నాడు. ఇవ్వొద్దని ఆమె పొయ్యి దగ్గర నుంచి చేయి ఊపుతూనే ఉంది, పరదా మడత పెట్టి భీక్యా నెత్తిన ఎత్తింది ఈయనే. ఆ మర్నాడు పొద్దున్నే రాళ్లవాన కొట్టింది. చీరలు, దుప్పట్లు, గోనెసంచులు, చేతికి దొరికినవన్నీ తెచ్చి కప్పినా కాయ నానిపోయింది. ఏడు నెలలు వంగి, మందు కొట్టి, కూలీలను బతిమాలి కోయించిన పంట కళ్ల ముందు నీళ్లలో తేలింది.

అప్పుడు అన్నది ఆమె. తడి చీరతో కల్లం నడుమ నిలబడి, వాడకంతా వినపడేలా అన్నది.

"సగం తెల్లగై పోయింది," అంటుంది ఇప్పుడు. "మిగిలిన సగం నేనే ఎండబోసిన. ఒక్కదాన్నే. నువ్వు లేవు గదా. నువ్వు చెర్ల ఉంటివి."

ఆయన చెవి వెనక నుంచి చుట్ట తీసి నోట్లో పెట్టుకుంటాడు. తడిసిన చుట్ట, అగ్గిపుల్ల లేదు, అయినా అది అంటుకుంటుంది, పొగ కూడా వస్తుంది. దానికి కూడా ఆమెకు కోపమే వస్తుంది.

"నలభై ఏండ్ల సంసారంల," అంటుంది వెనక నుంచి, అడుగు అడుగుకూ ఒక మాట వేస్తూ, "నేను చెప్పిన మాట ఒక్కటన్న ఇన్నవా నువ్వు? చుట్ట తాగకు, దగ్గొస్తదంటె ఇన్లె. దిగువ చెల్కల పత్తి ఎయ్యకు, నీళ్లు నిలుస్తయంటె ఇన్లె. కంటికి పొర వచ్చింది, దవఖానకు నడువుమంటె మూడేండ్లు ఇన్లె. పరద ఇయ్యకంటె ఇన్లె. అన్ని ఇడిసిపెట్టి గీ ఒక్కటి ఇన్నవా? పొయ్యి చెర్ల దుంకు అంటె, మంచిదని లేసి పొయ్యి దుంకినవా?"

చెప్పేసింది. ఏడాదిగా ఏ మనిషి ముందూ అనలేని మాట అనేసింది, అనగానే కల్లం మాయమై మళ్లీ కట్ట వస్తుంది, కాళ్లకు బురద చల్లగా తగులుతుంది, తోపులో కోయిల సగం కూసి ఆగుతుంది.

ఆ మాట పల్లెల్లో ఎవరు అనరు? పిల్లలను అంటారు, గొడ్లను అంటారు, బస్సు ఆపని డ్రైవర్‌ను అంటారు. ఆమె పెళ్లయిన మొదటి ఏడు నుంచీ మొగిలయ్యను పదిసార్లు దుంకమన్నది, ఆయన పదిసార్లూ కండువా దులుపుకొని బజారుకు పోయి రెండు గంటలకు ఆకలని వచ్చాడు. ఆ రోజు కూడా అలాగే కండువా దులుపుకొన్నాడు. కొత్త చెప్పులు కాళ్లకు వేసుకొని, రెండో మబ్బు ఇంకా దూరంగా ఉండగా, గడప దాటాడు. ఎక్కడికి అని అడగడానికి ఆమె నోరు తెరిచింది కూడా. కానీ బయలుదేరే మనిషిని ఎక్కడికి అని అడగకూడదు కదా, అడిగితే పోయిన పని చెడుతుంది కదా, అందుకని మూసుకుంది. చెర్ల దుంకమన్న నోరు, ఎక్కడికి అని అడగడానికి మాత్రం అపశకునమని భయపడింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా తన నోటిని తానే కొట్టుకోవాలనిపిస్తుంది ఆమెకు.

"నన్ను సూడు," అంటుంది. "మొఖం ఇటు తిప్పి చెప్పు. దుంకినవా, జారినవా?"

"బర్రె ఈనిందా?" అంటాడు ఆయన.

"నేనేం అడుగుతున్న, నువ్వేం చెప్తున్నవ్?"

"దూడ ఏందో చెప్పరాదే. నల్లదా, బొల్లిదా?"

"బొల్లిది," అనేస్తుంది నోరు జారి, అన్నందుకు ఇంకా మండిపోతుంది. బతికి ఉన్నప్పుడూ ఇదే పని. ఏదైనా గట్టిగా అడిగితే దూడ గురించో, మబ్బు గురించో, పక్కింటి పందిరి గురించో ఎత్తుకుంటాడు, అడిగిన మాట పక్కదారి పట్టి పోతుంది. చచ్చాకైనా మనిషికి కాస్త బుద్ధి రావద్దా?

ఆమె పరుగు లాంటి నడక నడుస్తోంది, అయినా ఇద్దరి మధ్య ఆ పది అడుగులు తరగడం లేదు. కట్ట కూడా తరగడం లేదు. ఊరి చెరువు కట్ట కొలిస్తే పావుగంట నడక, దాని చివర మత్తడి, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే రాతిగోడ, దాని మీదుగా అడ్డంగా దాటితే అవతల తండా. ఇప్పుడు మత్తడి కనపడుతూనే ఉంది, దగ్గరికి పోతున్నకొద్దీ దూరం జరుగుతూనే ఉంది. ఏడాదిగా కొమురమ్మ ఈ కట్ట తొక్కలేదు. బర్రెను కడగడానికి కూడా చెరువుకు తోలలేదు, బోరు దగ్గరే కడిగింది. ఇన్నాళ్లు తప్పించుకున్న దారి అంతా ఈ ఒక్క నడకలోనే నడిపించేలా ఉన్నాడు మహానుభావుడు.

కట్టకు అడ్డంగా ఒక గోడ వస్తుంది. అది ఆమెకు తెలిసిన గోడే, తన ఇంటికీ ఆడబిడ్డ సారక్క ఇంటికీ మధ్య నడుము ఎత్తున ఉండే మట్టిగోడ, దాని మీద సారక్క ఎండబెట్టే ఒడియాల గుడ్డ కూడా అలాగే ఉంది. మొగిలయ్య ఆ గోడలోంచి నడిచిపోతాడు. ఆమె ఆగిపోతుంది. అవతల నుంచి సారక్క గొంతు వినపడుతోంది, మనిషి కనపడటం లేదు.

"మాటతోని సంపినవు," అంటోంది గొంతు. "మా అన్నను మాటతోని సంపినవు."

మొగిలయ్యకు సారక్క ఒక్కతే చెల్లెలు. ఆ ఉదయం గోడ అవతల నిలబడి అంతా విన్నది. మర్నాడు ముసురులో మత్తడి కింద గుంటలోంచి శవాన్ని తీసి కట్ట మీద పడుకోబెట్టినప్పుడు, ఊరంతా చూస్తుండగా ఆ మాట అన్నది. అని ఊరుకోలేదు, ఆ రోజు నుంచి వదినె అని పిలవలేదు, ఈ ఇంటి మంచినీళ్లు తాగలేదు. అంతకుముందు ఆ గోడ మీద నుంచి రోజుకు నాలుగుసార్లు కూరగిన్నెలు అటూ ఇటూ తిరిగేవి. ముంతలో పచ్చిపులుసు మిగిలినా సరే, వదినెకు ఇష్టమని గోడ మీద పెట్టేది. అలాంటి మనిషి ఇప్పుడు కొమురమ్మ పెరట్లోకి వస్తే తన తలుపు వేసుకుంటోంది.

ఊరు కూడా మొదట రెండు విధాలుగా అన్నది. తండాకు పరదా తేవడానికి పోతూ జారి ఉంటాడని కొందరు అన్నారు, కొమురమ్మ ఆ మాటనే పట్టుకుని వేలాడింది. కానీ చేపలు పట్టే కట్టయ్య, వాన వెలిసినాక సాయంత్రం వల తీసుకుని పోతుంటే మత్తడి మొదట్లో మొగిలయ్య చెప్పులు చూశాననీ, రెండూ పక్కపక్కన చక్కగా ఉన్నాయనీ, తిరిగి వస్తూ ఎవరివోనని ముసురు పట్టకముందే తన ఇంటికి తెచ్చి పెట్టాననీ చెప్పాడు. అంతే, ఊరు ఒకే మాట మీదికి వచ్చింది. జారేవాడు చెప్పులు విప్పి, పక్కపక్కన పెట్టి జారతాడా? పాకుడుకు భయపడి విప్పితే చేత పట్టుకొని దాటడా? మత్తడి దగ్గర చెప్పులు వదిలి పోయేవాళ్లు ఎవరో అందరికీ తెలుసు. పరదా సంగతి అడగనే అక్కర్లేదు, వాన చూసి భీక్యానే రోడ్డు మీదుగా తిరిగి దాన్ని ఇంటికి తెచ్చి ఇచ్చాడు, మర్నాడు కట్ట మీద ముసురు తడుపుతోందని ఆ పరదానే తెచ్చి మొగిలయ్యకు కప్పారు.

"జరుగు," అంటుంది కొమురమ్మ గోడతో. "నీతోని నాకు పనిలేదు. నేను మొగనితోని మాట్లాడుతున్న."

గోడ జరుగుతుంది. అంత తేలికగా జరుగుతుందని ఆమె అనుకోలేదు.

ఇప్పుడు మత్తడి దగ్గరగా ఉంది. మొగిలయ్య దాని మొదట్లో నిలబడి ఆమె కోసం చూస్తున్నాడు, నలభై ఏళ్లలో మొదటిసారి ఆగి చూస్తున్నాడు. కంటి మీద పొర లేదు. ఒకసారి పెళ్లినాటి మొగిలయ్యలా ఉన్నాడు, ఒకసారి పోయిన ఏటి మొగిలయ్యలా ఉన్నాడు, రెండింటిలోనూ గడ్డం గీసుకోలేదు. వెనక మత్తడి రాళ్లు పచ్చటి పాకుడు పట్టి నిగనిగలాడుతున్నాయి. ఉత్తరాన మబ్బు సగం ఆకాశం ఎక్కింది.

"ఇగ చెప్పు," అంటుంది ఆమె రొప్పుతూ. "నేను నీకు దండం పెట్టి అడుగుత అనుకుంటున్నవేమో, అడగ. నిన్ను ఏడ్వడానికి గూడ నాకు చేతగాలె. పదకొండు దినాలు ఒక్క సుక్క నీళ్లు రాలె కండ్లల్లకెళ్లి, దానికి గూడ పేరు బెట్టిండ్రు ఊరోళ్లు. ఎట్ల ఏడుస్త? దుంకినోనికైతే ఒక తీరు ఏడ్వాలె, జారినోనికైతే ఒక తీరు ఏడ్వాలె. నువ్వేందో నాకు ఎర్కనైతే గదా."

మొగిలయ్య వంగి కాళ్లకున్న చెప్పులు విప్పుతున్నాడు. అంగట్లో కొన్న కొత్త తోలు చెప్పులు, కాముని పున్నం నాడు ఆమె పది జతలు తిరగేసి ఏరింది. అడుగున మన్ను పట్టి ఉన్నాయి. ఆయన రెండింటినీ గడ్డి మీద పక్కపక్కన పెడతాడు, పెట్టి, ఒక్కొక్కటీ బోర్లిస్తాడు.

"బోర్ల బెట్టకు!" అంటుంది వెంటనే. కోపంలో ఉన్నా ఆ మాట నోటికి దానంతట అదే వస్తుంది. "చెప్పులు బోర్ల బెడితే ఇంట్ల లొల్లయితది."

"ఇంగ లొల్లి గానిదేమున్నదే మన ఇంట్ల?" అని మొగిలయ్య నవ్వుతాడు.

ఆమెకూ నవ్వు వస్తుంది, పెదవి బిగించి ఆపుకుంటుంది. కోపం కోసం ఇంత దూరం నడిచి వచ్చి నవ్వి పోవడం ఆమె వల్ల కాదు.

"వాన మళ్ల పట్టేటట్టున్నది," అంటాడు ఆయన, చెరువు ఒడ్డున వెతికి తలకాయంత గుండ్రటి రాయి ఒకటి తెస్తూ. "వెల్లకిల ఉంటె నీళ్లు నిలుస్తయ్. తోలు నానితే ఉబ్బుతది, నానబెట్టకు నానబెట్టకు అని పదిదినాల సంది నా పానం తీయబడితివి గదనే."

"అంటే?" అంటుంది ఆమె.

"అంటే ఏంది? ఇన్న. నువ్వు చెప్పిందే చేస్తున్న."

రాయిని రెండు చెప్పుల మీదా పడేలా నడుమ పెడతాడు, గాలికి కొట్టుకుపోకుండా ఒకసారి అదిమి చూస్తాడు.

"చేత పట్టుకొని పోరాదూ?"

"వచ్చేటప్పుడు రెండు చేతులు పరదకే సరిపోవు. నెత్తి మీద పరద, చేతిల చెప్పులు, కింద పాకుడు, పడాల్నా నేను? ఇక్కడికి వచ్చినంక కాళ్లకేసుకుంట. నువ్వు పొయ్యి కాయ కుప్ప చెయ్యి. రెండో వాన అందుకునే లోపు కప్పుదాం."

ధోవతి ఎగగట్టి మత్తడి మీద కాలు పెడతాడు. ఆమె కాళ్లు బురదలో దిగబడి కదలడం లేదు. ఆయన రెండు అడుగులు, మూడు అడుగులు పోతాడు, కింద గుంటలో నీళ్లు నల్లగా తిరుగుతున్నాయి, ఆమెకు ఇప్పుడు ఒక్కటే గుర్తుకు వస్తోంది, ఆ రోజు గడపలో మింగేసిన మాట. అపశకునమో, శకునమో, ఇంక చెడడానికి ఏం మిగిలిందని?

"ఎక్కడికి?" అని అరుస్తుంది. "ఎక్కడికి పోతున్నవయ్యా?"

"ఇగో, పరద తెస్త," అంటాడు ఆయన, ఏమీ జరగనట్టు, బజారుకు పోయి ఉప్పు పొట్లం తెస్తానన్నట్టు. తర్వాత రాళ్లు ఉన్నాయి, పాకుడు ఉంది, ఆయన లేడు. చప్పుడు కూడా లేదు. వాన అందుకుంటుంది, గడ్డి మీద బోర్లించిన చెప్పుల అడుగుల మీద టపటప కొడుతుంది, పట్టిన మన్నంతా కడుక్కుపోతుంది.

వాన ఎంతసేపు కురిసిందో, వెలుస్తుంది. కట్ట మీద కట్టయ్య వస్తున్నాడు, భుజాన వల, నోట్లో వేపపుల్ల. మంచివాడే కట్టయ్య, ఎవరికీ చెడు కోరని మనిషి. చెప్పులు చూసి ఆగుతాడు.

"అయ్యో, ఎవలియ్యి," అని నాలుక చప్పరిస్తాడు. "బోర్ల బెట్టిండ్రు. ఎవలింట్లనో ఏమో లొల్లయితది."

"ముట్టకు," అంటుంది కొమురమ్మ. గొంతు రాదు.

కట్టయ్య కాలితో రాయిని దొర్లిస్తాడు, వంగి ఒక చెప్పు తిప్పుతాడు, రెండో చెప్పు తిప్పుతాడు, పరాయి వాళ్లింట్లో కూడా గొడవ రాకూడదని కోరుకునే మంచి మనసుతో రెండింటినీ పక్కపక్కన చక్కగా సర్దుతాడు.

"ముట్టకురా! ఉన్నయి ఉన్నట్టు ఉండనియ్! నీ చేతులిరగ, ఆడ నా బతుకున్నదిరా!"

ఆ అరుపు సగం కలలో, సగం బయట పడుతుంది, దాని మీద ఉరుము ఉరుముతుంది.

కొమురమ్మ నులక మంచం మీద లేచి కూర్చుంటుంది. మధ్యాహ్నం, ఎదురుగా కల్లం, దాని మీద ఈ ఏటి కాయ, పరదా కప్పి నాలుగు మూలలా రాళ్లు పెట్టి ఉంది. పొద్దున ఒక వాన పడి వెలిసింది, కాయ భద్రంగా ఉందని చూసుకుని ఒక్క నిమిషం నడుం వాల్చిందంతే. ఉత్తరాన ఇంకో మబ్బు లేస్తోంది. అరుపుకు బొల్లి దూడ బెదిరి చెవులు నిక్కించి చూస్తోంది.

కల కదా, కలలో మనిషి మనకు కావలసిందే చెప్తాడు, దానికేం విలువ, అనుకుంటుంది. అనుకుంటూనే లేచి ఇంట్లోకి పోతుంది. నీళ్ల గాబు వెనక మూలన యూరియా సంచి ఒకటి ఉంది. కట్టయ్య తెచ్చి ఇచ్చిన రోజు ఆ చెప్పులను చూడలేక, పారెయ్యనూ లేక, అందులో వేసి మూతి కట్టి అక్కడ విసిరింది. ఏడాదిగా ఊడ్చేటప్పుడు కూడా చీపురు అక్కడి దాకా పోనివ్వలేదు. ఇప్పుడు ముడి రావడం లేదు, పళ్లతో లాగి విప్పుతుంది, చెప్పులు తీసుకుని వెలుతురులోకి, వాకిట్లోకి తెస్తుంది.

కాలు పెట్టే వైపు, వేలు దూరే చోట, పట్టీల మీద, అంతటా చెరువు బంకమన్ను పెంకు కట్టి ఎండిపోయి ఉంది, అందులో గడ్డిపోచలు అణిగిపోయి అలాగే అతుక్కుని ఉన్నాయి. తిప్పుతుంది. నేలను తొక్కే అడుగు భాగం శుభ్రంగా కడిగినట్టు ఉంది. ఎడమ చెప్పు అడుగున లోపలి అంచు దగ్గర మాత్రం ఒక మట్టి మరక, సగం చందమామలా. కుడి చెప్పు అడుగునా అంచు దగ్గర ఇంకో సగం. ఆమె రెండు చెప్పులనూ పక్కపక్కన ఆనిస్తుంది. రెండు సగాలూ కలిసి గుండ్రంగా ఒక్కటవుతాయి, తలకాయంత రాయి పెట్టినంత మేర, వాన తగలనంత మేర.

"రాయి గూడ బెట్టినవ్," అంటుంది. "పెట్టెటోనివి, జర నిదానంగ దాటరాదురా మొండోడా. ఇన్నన్ని ఏండ్లకు నా మాట ఇన్నవ్, ఇని ఎవలికి పనికొచ్చినవ్? చెప్పులు మిగిలినయ్. నువ్వు మిగలలె."

ఏడుపు వస్తుంది, ఏడాది ఆలస్యంగా, కోపం కోపంగానే ఉంటుంది, రెండూ ఒకే ముక్కు చీదుకుని బయటికి వస్తాయి. కొంగుతో మొఖం తుడుచుకుని పెరట్లోకి నడుస్తుంది. మట్టిగోడ మీద ఒడియాల గుడ్డ పక్కకు నెట్టి, రెండు చెప్పులనూ అక్కడ పెడుతుంది, బోర్లా.

"సారక్కా! ఓ సారక్కా! బయటికి రా."

తలుపు తెరుచుకోదు. ఆమె మళ్లీ పిలుస్తుంది, ఈసారి వాడకంతా వినపడేలా, ఆ రోజు కల్లంలో నిలబడి అన్నంత గట్టిగా పిలుస్తుంది. గడియ తీసిన చప్పుడవుతుంది. సారక్క వస్తుంది, మొఖం పక్కకు తిప్పుకునే వస్తుంది, మొదట చినుకు పడుతోందని ఒడియాల వైపు చూస్తుంది, చూసి, గోడ మీదున్న వాటి దగ్గర ఆగిపోతుంది.

"అయ్యో వదినె, చెప్పులు గట్ల బోర్ల బెడతరా," అంటుంది అనుకోకుండా, ఏడాదిగా ఆ పిలుపు పిలవలేదన్న సంగతి మరిచిపోయి, వాటిని తిప్పడానికి చేయి చాస్తుంది.

"ముట్టకు!" అంటుంది కొమురమ్మ. "ముట్టినవంటె చెయ్యి ఇరగ్గొడుత. ముందు సూడు."